ప్రయాణం ఇద్దరికీ ఒకే రోజు ముగియదు

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీరూ, ఇంజినీరింగ్‌లో కలిసి చదువుకున్న స్నేహితురాలూ ఉద్యోగాలు వదిలిపెట్టి ఆరు నెలలుగా ఆగ్నేయాసియాలో తిరుగుతున్నారు. ఇండోనేసియా, వియత్నాం, ఉత్తర థాయిలాండ్ అయ్యాయి. ప్రస్తుతం లావోస్‌లో, లువాంగ్ ప్రబాంగ్‌లో ఉన్నారు. ఇంకో మూడు వారాల్లో కౌలాలంపూర్ నుంచి హైదరాబాదుకు విమానం. మీ స్నేహితురాలి మనసు అప్పుడే ఇంటికి చేరిపోయింది; రోజంతా ఫోనులో ఉద్యోగ ప్రకటనలు చూస్తోంది. మీకేమో కంబోడియాలోని అంగ్‌కోర్ గుళ్ళు చూడలేదనీ, మెకాంగ్ దీవులు మిగిలిపోయాయనీ, సింగపూర్ కూడా ఒకసారి తొక్కి వస్తే బాగుండుననీ ఆరాటం. నూడుల్స్‌లో కారం ఎంత వేయాలన్న దగ్గర కూడా మాటా మాటా వస్తోంది. ఈ స్నేహం చెడిపోయినట్టేనా, మిగిలిన రోజులు ఎలా గడపాలి, ఇంటికి వచ్చాక మళ్ళీ మామూలుగా ఉండగలమా అని అడిగారు.

నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మావారి అక్కతో, అంటే మా వదినతో కలిసి మీరు తిరిగిన దారుల్లోనే నెలల తరబడి తిరిగాను. ఆవిడకు తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తుంది, నాకు అర్ధరాత్రి దాటితే గాని కన్ను మూతపడదు. ఆవిడ ఏ ఊరు వెళ్ళినా పెరుగు కోసం వెతుకుతుంది, నేను మాంసం లేదంటే చాలు, బండి మీద ఏది వేగుతుంటే అది తింటాను. వదినా మరదళ్ళు అన్ని నెలలు ఒకే గదిలో ఉండి, మాట్లాడుకుంటూనే తిరిగి వచ్చారంటే మా బంధువుల్లో ఇప్పటికీ నమ్మనివారున్నారు. ఆ తరువాత మా వైపు పిల్లలూ, వాళ్ళ స్నేహితులూ ఇలాంటి ప్రయాణాలు పెట్టుకున్నప్పుడు, అవి మధ్యలో బెడిసినప్పుడు, నాకే ఫోన్ చేస్తున్నారు. ఆ చనువుతోనే మీకూ రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు తేలిక. స్నేహం చెడిపోలేదు. మీ స్నేహితురాలికి ప్రయాణం ముగిసింది, మీకు ఇంకా ముగియలేదు. టికెట్టు మీద ఇద్దరికీ ఒకటే తేదీ ఉంటుంది కాబట్టి ప్రయాణం కూడా ఇద్దరికీ ఆ రోజే ముగుస్తుందని అనుకుంటాం. నేను చూసినంతలో ఏ జంటకూ అలా జరగలేదు, ముప్పై ఏళ్ళు కాపురం చేసిన భార్యాభర్తలకైనా సరే. ఒకరు ముందే ముగించుకుంటారు, ఇంకొకరు ఇంటికి వచ్చి పెట్టె సర్దేసిన తరువాత కూడా ముగించలేరు. ఈ తేడా కంటికి కనిపించదు కాబట్టి అది కారం మీద, ఫ్యాను మీద, ఆటోవాడికి ఎవరు ఎక్కువ ఇచ్చారన్న దాని మీద బయటపడుతుంది.

మా వదినకు ప్రయాణం వియత్నాంలోని హోయ్ ఆన్‌లో ముగిసింది. అప్పటికి మాకు ఇంకా రెండు దేశాలు మిగిలి ఉన్నాయి. ఆ ఊళ్ళో వీధి వీధికీ దర్జీలే, ఒక్క రోజులో బట్టలు కుట్టి చేతిలో పెడతారు. అక్కడ ఆవిడ మనవడికి చొక్కా కుట్టించాలని కూర్చుంది. కొలతలు లేవు. వీడియో కాల్‌లో వాడిని తలుపు పక్కన నిలబెట్టించి, "తలుపు గడియ దాకా వచ్చాడు" అని దర్జీకి చేత్తో చూపించింది. ఆ రోజు నుంచి ఆవిడ చూసిన ప్రతి వస్తువునూ ఎవరికి తీసుకెళ్ళాలన్న లెక్కతోనే చూసింది. గుడి చూసినా, నది చూసినా పక్కనే ఉన్న దుకాణం మీదే కన్ను. నాకు చిరాకు వచ్చేది. కొన్నాళ్ళకు అర్థమైంది, ఆవిడ అలిసిపోలేదు, అలగలేదు, చూడవలసింది చూసేసి కడుపు నిండిన మనిషిలా లేచి నిలబడింది. కంచం ముందు ఇంకా కూర్చున్నది నేను. అప్పటి నుంచి ఆవిడను దేనికీ బలవంతం చేయలేదు.

మీ చిరాకుకు ఇంకో కారణం కూడా ఉంది. ధ్రువప్రాంతపు శిబిరాల వంటి చోట్ల నెలల తరబడి మూసినట్టు బతికేవారి గురించి బెక్టెల్, బెర్నింగ్ అనే ఇద్దరు 1991లో ఒక మాట ప్రతిపాదించారు. మనుషులు మొదట్లో కంటే, చిట్టచివర కంటే, సగం దాటాక వచ్చే మూడో పాతికలో ఎక్కువగా కుంగిపోతారట. కష్టమైన భాగం గడిచిపోయిందని తెలుసు, ఒడ్డు మాత్రం కనిపించదు. తరువాతి పరిశోధనల్లో కొన్ని దీన్ని సమర్థించాయి, కొన్ని సమర్థించలేదు. అయినా ఆరు నెలల ప్రయాణంలో నాలుగో నెల, అయిదో నెల ఎలా గడిచాయో ఒకసారి గుర్తు చేసుకోండి. ఇప్పటి తగవుల్లో సగం అప్పటి బాకీలే అయి ఉంటాయి. అందులో మీ స్నేహితురాలి తప్పు ఎంత, మీ తప్పు ఎంత అని లెక్క తీయకండి, తేలదు.

తోడు ప్రయాణాల ముగింపు గురించి ఎవరు అడిగినా నాకు ఇద్దరు నార్వే మనుషులు గుర్తొస్తారు. ఫ్రిట్యాఫ్ నాన్సెన్, హ్యాల్మర్ యోహాన్సెన్. 1895 మార్చి 14న ఫ్రామ్ అనే ఓడను మంచులో వదిలి, మూడు బండ్లు, 28 కుక్కలతో ఇద్దరే ఉత్తర ధ్రువం వైపు బయలుదేరారు. 86 డిగ్రీలు దాటి, అప్పటిదాకా ఎవరూ వెళ్ళనంత దూరం వెళ్ళి, అక్కడి నుంచి వెనక్కి తిరిగారు. ఫ్రాంజ్ జోసెఫ్ దీవుల్లో రాళ్ళు పేర్చి, వాల్రస్ తోళ్ళు కప్పుకున్న గుడిసెలో ఒక చలికాలమంతా ఎలుగుబంటి మాంసం తింటూ, ఒకే పడక సంచిలో పడుకుని గడిపారు. మనం గదిలో ఏసీ ఎంత పెట్టాలని పోట్లాడుకుంటాం! 1896లో ఇద్దరూ క్షేమంగా నార్వే చేరారు. దేశమంతా నీరాజనాలు పట్టింది.

ఆ తరువాత నాన్సెన్‌కు చేయడానికి పని ఉంది. ఆచార్యుడయ్యాడు, రాయబారి అయ్యాడు, నానాజాతి సమితి తరఫున శరణార్థుల బాధ్యత చూశాడు, 1922లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నాడు. యోహాన్సెన్‌కు సైన్యంలో ఉద్యోగం దొరికింది గాని నిలవలేదు. తాగుడు, అప్పులు, కుటుంబం దూరమవడం. నాన్సెన్ సిఫారసు మీదే ఇంకో నార్వే అన్వేషకుడు అముండ్‌సెన్ ఆయనను దక్షిణ ధ్రువ యాత్రకు తీసుకున్నాడు. అక్కడ 1911 సెప్టెంబరులో తొందరపడి బయలుదేరిన మొదటి ప్రయత్నం చలికి విఫలమైంది. వెనకబడి పోయిన సహచరుడిని యోహాన్సెన్ ప్రాణాలతో శిబిరానికి చేర్చాడు. ఆ తొందరపాటును అందరి ముందూ తప్పుపట్టినందుకు నాయకుడు ఆయనను ధ్రువానికి వెళ్ళే జట్టులోంచి తీసేశాడు. 1913 జనవరిలో యోహాన్సెన్ తన ప్రాణం తానే తీసుకున్నాడు.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మనవాళ్ళంటారు. నాన్సెన్ అలాంటివాడు కాదు, సాయం చేస్తూనే వచ్చాడు. అయినా ఒకే గుడిసె నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకరికి ఆ ప్రయాణం జీవితంలో ఒక అధ్యాయమైతే, ఇంకొకరికి దాని తరువాత అంతటి అధ్యాయం దొరకలేదు. మీ ఇద్దరికీ అంత పెద్ద గండం ఉందని బెదిరించడం లేదు. అయితే మీ స్నేహితురాలు ఉద్యోగ ప్రకటనలు చూడటాన్ని మీరు ద్రోహంలా రాశారు. నాకు అది ఆమె తరువాతి పని వెతుక్కోవడంలా కనిపిస్తోంది. మీరే ఇంకా మొదలుపెట్టలేదు.

ఇక మిగిలిన మూడు వారాల సంగతి. ముందు ఆమెను కూర్చోబెట్టి నేరుగా అడగండి: "నీకు ఇంటి మీద మనసు పోయింది, నాకింకా పోలేదు. ఈ మూడు వారాలు ఎలా పంచుకుందాం?" ఈ మాటను రాత్రి అలిసిపోయి గదికి చేరాక అడగకండి. పొద్దున టిఫిను అయ్యాక, ఆ రోజు ఎక్కవలసిన బస్సు ఏదీ లేనప్పుడు అడగండి. పంచుకోవడం అన్న మాట ముఖ్యం. కలిసి ఉండటం, విడిపోవడం అని రెండే దారులు ఉన్నట్టు మీ ప్రశ్నలో రాశారు. మధ్యలో బోలెడంత చోటు ఉంది.

మీ జాబితాలో తొమ్మిది ఊళ్ళున్నాయి. అంగ్‌కోర్ ఒక్కటి ఉంచి మిగతావి కొట్టేయండి. దక్షిణ లావోస్‌లోని ఆ మెకాంగ్ దీవులు బాగుంటాయి, కాదనను, కానీ అక్కడికి పోవడానికి పట్టే బస్సు ప్రయాణం మీ ఇద్దరి మధ్య మిగిలిన ఓపికను తినేస్తుంది. సింగపూర్ ఎక్కడికీ పోదు, హైదరాబాదు నుంచి వారాంతంలో కూడా చూసి రావచ్చు.

అంగ్‌కోర్‌కు మీరు ఒక్కరే వెళ్ళండి. ఆమెను లాక్కెళ్ళవద్దు, ఆమె రావడం లేదని మానుకోవద్దు. మానుకుంటే ఆ లోటును పదేళ్ళ తరువాత కూడా ఆమె ఖాతాలోనే రాస్తారు. మూడు రోజుల టికెట్టు 62 డాలర్లు, దాన్ని పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. ఒక్కరోజు టికెట్టు 37 డాలర్లు, తేడా చూస్తే మూడు రోజులదే నయం. డాలరు నోట్లు చిరుగులు, మరకలు లేనివి పట్టుకెళ్ళండి, కంబోడియాలో కాస్త నలిగిన నోటును కూడా వెనక్కి ఇచ్చేస్తారు. అంగ్‌కోర్ పక్క ఊరైన సియెమ్ రీప్ కొత్త విమానాశ్రయం 2023లో తెరిచారు, అది ఊరికి 40 కిలోమీటర్లకు పైగా దూరం, ఆ కారు ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. పాత బ్లాగుల్లో సియెమ్ రీప్ నుంచి సరిహద్దు ఊరు పాయ్‌పెట్ మీదుగా బస్సులో బ్యాంకాక్ వెళ్ళమని రాసి ఉంటుంది. థాయిలాండ్, కంబోడియాల మధ్య 2025లో జరిగిన ఘర్షణలతో ఆ భూసరిహద్దు మూతపడింది. మీరు వెళ్ళేనాటి పరిస్థితి కనుక్కోకుండా ఆ దారి నమ్ముకోవద్దు. విమానం టికెట్టుకు డబ్బు పక్కన పెట్టుకోండి.

ఆ నాలుగైదు రోజులు ఆమెను లువాంగ్ ప్రబాంగ్‌లోనే ఉండనివ్వండి. ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకుంటుంది, మధ్యాహ్నం నిద్రపోతుంది, సాయంత్రం మెకాంగ్ ఒడ్డున కూర్చుంటుంది. మీరు లేకుండా ఆమెకు, ఆమె లేకుండా మీకు ఊపిరాడుతుంది. రోజుకు ఒక సందేశం చాలు. ఫోటోలు వరుసగా పంపి ఊరించకండి. ఒకవేళ ఆమె బ్యాంకాక్ నుంచి నేరుగా ఇంటికి వెళ్ళిపోతానంటే, వెళ్ళనివ్వండి. కలిసి బయలుదేరినవాళ్ళు కలిసే దిగాలన్న నియమం ఎవరూ పెట్టలేదు. తగవు పడిన మర్నాడు మాత్రం ఆ టికెట్టు కొననివ్వకండి. రెండు రోజులు ఆగి అప్పటికీ అదే మాట అంటే కొనుక్కోమనండి, విమానాశ్రయం దాకా మీరే వెళ్ళి సాగనంపండి.

ఆమె ఉండిపోతే, బ్యాంకాక్‌లో కలుసుకుని అక్కడి నుంచి నేల మీదే రండి. లువాంగ్ ప్రబాంగ్ నుంచి లావోస్ రాజధాని వియంటియాన్‌కు 2021 డిసెంబరులో తెరిచిన, చైనా నుంచి వచ్చే రైలు లైను మీద రెండు గంటల ప్రయాణం. వియంటియాన్ నుంచి బ్యాంకాక్‌కు 2024 జులై నుంచి నేరుగా రాత్రి రైలు నడుస్తోంది. దానికి స్టేషను వేరు, చైనా లైను స్టేషను వేరు, ఆ రెండింటి మధ్య ఆటోకు సమయం ఉంచుకోవాలని ఆమెకు చెప్పండి. బ్యాంకాక్‌లో క్రుంగ్ థెప్ అఫివాట్ స్టేషనులో మధ్యాహ్నం దాటాక రైలెక్కితే మర్నాడు ఉదయానికి మలేసియా సరిహద్దులోని పడాంగ్ బెసార్ చేరుతుంది. రెండు దేశాల పాస్‌పోర్టు తనిఖీలూ ఆ స్టేషనులోనే జరుగుతాయి. గడియారం ఒక గంట ముందుకు తిప్పుకోవాలి. అక్కడి నుంచి లోకల్ రైలులో బటర్‌వర్త్, దిగి పడవ ఎక్కితే పెనాంగ్ దీవి. రెండు దేశాలకూ ఆన్‌లైన్ ప్రవేశ పత్రం ముందే నింపాలి. థాయిలాండ్‌కు 2025 మే నుంచి, మలేసియాకు 2024 జనవరి నుంచి ఈ పద్ధతి ఉంది, ప్రయాణానికి మూడు రోజుల లోపు నింపితే సరిపోతుంది. వీసా మినహాయింపులు తరచూ మారుతున్నాయి కాబట్టి రాయబార కార్యాలయం వెబ్‌సైటులోనే చూడండి, నా మాట మీద వెళ్ళకండి.

రైలే ఎందుకు అంటే, విమానానికి ముగింపు తెలియదు. కౌలాలంపూర్ నుంచి హైదరాబాదు సుమారు నాలుగు గంటలు, కాలం తేడా రెండున్నర గంటలు. శరీరానికి ఏ ఇబ్బందీ లేకుండా దిగిపోతాం, మనసు ఎక్కడో లగేజీ పట్టీ మీద తిరుగుతూ ఉంటుంది. పూర్వం కాకినాడ నుంచి, విశాఖపట్నం నుంచి రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్ళిన మనవాళ్ళకు తిరుగుదారిలో ఓడ మీద కొన్ని రోజులు దొరికేవి. వాళ్ళ బాధలు వేరు, ఆ ప్రయాణాలను పొగడటం లేదు. ఒడ్డు కనిపించేలోగా ఆలోచించుకోవడానికి మాత్రం సమయం ఉండేది. మనకు ఆ సమయం ఎవరూ ఇవ్వరు, మనమే కొనుక్కోవాలి. ఈ రైళ్ళు దానికి చవకైన దారి.

చివరి వారం పెనాంగ్‌లోని జార్జ్ టౌన్‌లో గడపమని నా సలహా. ఇక్కడ కొందరు నాతో విభేదిస్తారని తెలుసు. అన్నిటికంటే గొప్ప చోటును చివరికి ఉంచుకోవాలి, జ్ఞాపకంలో అదే మిగులుతుంది అని చెప్పేవారు మనస్తత్వ శాస్త్రవేత్త కానెమన్ బృందం 1993లో చేసిన చన్నీళ్ళ ప్రయోగాన్ని చూపిస్తారు. చేతిని 14 డిగ్రీల నీటిలో 60 సెకన్లు పెట్టించి, ఇంకోసారి అదే 60 సెకన్లకు తోడు మరో 30 సెకన్లు, నీళ్ళు మెల్లగా 15 డిగ్రీలకు వెచ్చబడుతుండగా పెట్టించారు. మళ్ళీ ఏది కావాలంటే ఎక్కువమంది రెండోదే కోరుకున్నారు, ముగింపు కాస్త నయంగా ఉంది కాబట్టి. నిజమే. కానీ అది ఒకటిన్నర నిమిషం సంగతి, పైగా అక్కడ చివర్లో దొరికింది గొప్ప అద్భుతమేమీ కాదు, కాస్త వెచ్చదనం. ఆరు నెలలు గుడులు, జలపాతాలు చూసి చూసి ఉన్న కళ్ళకు చివర్లో ఇంకో మహాద్భుతం చూపిస్తే అవి దాన్ని పట్టించుకోవు. నెదర్లాండ్స్‌లో 1,530 మంది మీద చేసి 2010లో ప్రచురించిన పరిశోధనలో, సెలవుల నుంచి తిరిగి వచ్చాక కూడా ఇంట్లో ఉండిపోయినవారి కంటే సంతోషంగా కనిపించినది బాగా విశ్రాంతిగా గడిపి వచ్చినవారు మాత్రమే. అందుకే, చూసి తీరవలసింది ఏదీ లేని, తిండికీ నడకకీ లోటు లేని ఊరు చివరికి ఉంచుకోవాలంటాను.

పెనాంగ్ అలాంటి ఊరు. అరిటాకు మీద అన్నం, సాంబారు దొరుకుతాయి, పక్క వీధిలో చైనా నూడుల్స్ దొరుకుతాయి. ఇంటి రుచీ పరాయి రుచీ ఒకే వీధిలో ఉంటే ఇంటికి వెళ్ళాలన్నవాళ్ళకూ, వద్దన్నవాళ్ళకూ గొడవ ఉండదు. మా వదిన క్వీన్ వీధిలో 1833 నాటి మారియమ్మ గుడి చూసి ఇక కదలలేదు. "నువ్వు తిరిగి రా అమ్మా, నేనిక్కడ కూర్చుంటాను, రాత్రి భోజనానికి కలుద్దాం" అనేది. నేను నీళ్ళ మీద గుంజలు పాతి కట్టుకున్న చైనా వంశాలవారి ఇళ్ళ మధ్య చెక్కల దారుల్లో తిరిగేదాన్ని. రాత్రి ఇద్దరం ఎవరి కథ వాళ్ళు చెప్పుకునేవాళ్ళం. అన్ని నెలల్లో మేము నిజంగా కబుర్లు చెప్పుకున్నది ఆ వారమే, ఎందుకంటే అప్పటిదాకా ఇద్దరమూ చూసింది ఒక్కటే, చెప్పుకోవడానికి ఏముంటుంది? మీరూ పగలు విడివిడిగా, రాత్రి భోజనం కలిసి అని పెట్టుకోండి. గదులు కూడా రెండు తీసుకోగలిగితే ఆ ఖర్చుకు వెనుకాడకండి.

మీకు ఓపిక ఉంటే పెనాంగ్, కౌలాలంపూర్‌ల మధ్య పెరాక్ రాష్ట్రంలో బగాన్ దాతుక్ అనే ప్రాంతం ఉంది. ఆంగ్లేయుల కాలంలో తోట పనులకు వెళ్ళిన తెలుగువారి కుటుంబాలు తరతరాలుగా అక్కడ ఉన్నాయి. దారి మార్చుకుని వెళ్ళవలసినంత చూడదగ్గ స్థలాలు లేవు. వెళ్ళినా వెళ్ళకపోయినా ఫరవాలేదు. ఆరు నెలలు పరాయి భాషల్లో బేరాలాడి అలిసిన నోటికి అక్కడ తెలుగు వినబడటం బాగుంటుందని చెబుతున్నాను.

డబ్బు విషయం. ఇక్కడ నా పాత ఉద్యోగం మాట్లాడుతుంది. ఉమ్మడి ఖర్చుల లెక్కను విమానాశ్రయంలో తేల్చుకోవద్దు, హైదరాబాదు వచ్చాక అసలే వద్దు. బ్యాంకాక్‌లో కలిసిన మర్నాడే కూర్చుని మూసేయండి. ఏ కరెన్సీకి ఏ రేటు వేయాలన్నది ముందు ఒప్పుకోండి, ఖర్చు పెట్టిన రోజు రేటు వేస్తారా, నెల సగటు వేస్తారా అన్నది ఏదో ఒకటి, అన్నిటికీ అదే. నీళ్ళ సీసాలు, టీలు వదిలేయండి. తేలిన మొత్తాన్ని గుండ్రంగా చేసి, బాకీ ఉన్నవారు ఆ రోజే పంపేయండి. అక్కడి నుంచి చివరి వారం ఎవరి ఖర్చు వారిది, భోజనం మాత్రం ఒక రాత్రి మీరు, ఒక రాత్రి ఆమె. చిన్న బాకీ మిగిలిపోయి, అడగడానికి మొహమాటపడి, మొహమాటంతోనే ఫోన్లు మానేసుకున్న మంచి స్నేహితులను నేను చూశాను. తగవు పడినవాళ్ళు నయం, వాళ్ళకు రాజీ పడే అవకాశమైనా ఉంటుంది.

లావోస్ కిప్‌లు ఆ దేశం దాటేలోగా ఖర్చు పెట్టండి లేదా మార్చుకోండి, బయట ఎవరూ తీసుకోరు. ఇంటికి వచ్చాక మీ దగ్గర 2,000 డాలర్ల విలువకు మించి విదేశీ నోట్లు మిగిలితే 180 రోజుల్లో బ్యాంకుకు అప్పగించాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. ఆరు నెలలు తిరిగినవాళ్ళ దగ్గర అంత మిగలదని నాకు తెలుసు, అయినా చెప్పాలి కదా.

మూడో ప్రశ్న, ఇంటికి వచ్చాక. మీరు ఎదురుచూడనిది ఒకటి జరుగుతుంది, ఎవరూ అడగరు. అడిగినా మూడే ప్రశ్నలు: ఎంత ఖర్చయింది, తిండికి ఏం చేశారు, ఇప్పుడు ఉద్యోగమా పెళ్ళా. అయిదు నిమిషాలు దాటి వినే ఓపిక మీ అమ్మగారికి కూడా ఉండకపోవచ్చు. విదేశాల్లో చదివి తిరిగి వచ్చిన అమెరికన్లను గమనించి 1963లో గల్లాహార్న్ దంపతులు రాశారు, పరాయి దేశంలో మొదట పడే తడబాటే స్వదేశానికి వచ్చాక రెండోసారి పడతారని. మొదటిసారి పక్కన తోడు ఉంటారు. రెండోసారి ఎవరింట్లో వారుంటారు.

మన పెద్దవాళ్ళకు దీనికో పద్ధతి ఉండేది. కాశీ వెళ్ళి వస్తే సమారాధన పెట్టేవారు. బంధువులను పిలిచి భోజనం పెట్టి, గంగ చెంబులు, కాశీ దారాలు పంచేవారు. వెళ్ళినవాళ్ళు చెప్పుకోవడానికీ, వెళ్ళనివాళ్ళు వినడానికీ అదొక రోజు. అయిపోతే అయిపోయినట్టే. మీరూ అలాంటిదొకటి పెట్టుకోండి, ఇద్దరి కుటుంబాలనూ ఒకే చోటికి పిలిచి. తెచ్చినవి అక్కడే పంచేయండి. కథ మాత్రం ఇద్దరూ ఒకేలా చెప్పాలని పట్టుబట్టవద్దు. ఆమె వియత్నాం రైలు గురించి విసుగ్గా చెబితే చెప్పనివ్వండి, అందరి ముందూ సరిదిద్దకండి. ఆ రైలు ఆమెకు అలాగే ఉంది. ఫోటోలు కూడా అంతే, అన్నీ ఒకచోట పెట్టి ఎవరికి నచ్చినవి వారు ఏరుకోండి. మా వదిన ఏరుకున్నవాటిలో ఒక్క గుడీ లేదు, అన్నీ దారిలో కలిసిన పిల్లలవే.

ఆ తరువాత ఓ నెలపాటు ఆమెను వదిలేయండి. ఆ నెలలో మీకు రోజూ ఫోన్ చేయాలనిపిస్తుంది, ఎందుకంటే మీకింకా ముగియలేదు, దాని గురించి వినగలిగినది ఆమె ఒక్కతే. ఆమె కొత్త ఉద్యోగంలో మునిగి ఉంటుంది. పొడిపొడిగా జవాబిస్తే మనసు కష్టపెట్టుకోకండి. నెల దాటాక కలవండి, ప్రయాణం గురించి కాకుండా మామూలు పని ఏదైనా పెట్టుకుని. బట్టలు కొనుక్కోవడమో, సినిమానో. మాటల్లో ప్రయాణం దానంతట అదే వస్తుంది. మళ్ళీ మామూలుగా ఉంటామా అని అడిగారు. మునుపటిలా ఉండరు. ఒకరి గురక ఒకరికి తెలిశాక, చేతిలో డబ్బు అయిపోతుంటే ఎవరు ఎలా మాట్లాడతారో చూశాక, మునుపటి మర్యాద తిరిగి రాదు. మా వదిన ఇప్పుడు నాతో మావారి అక్కలా మాట్లాడదు, మావారి గురించి ఆయన అక్కకు ఫిర్యాదు చేసే ధైర్యం నాకూ వచ్చింది.

ఒక్క జాగ్రత్త మరిచిపోకండి. తిరిగి వచ్చాక జ్వరం వస్తే, అది వారానికి వచ్చినా, కొన్ని నెలలకు వచ్చినా, ఏ దేశాల్లో తిరిగారో డాక్టరుకు మొదటే చెప్పండి. డెంగీ అయితే రెండు వారాల్లోపు బయటపడుతుంది. మలేరియాలో ఒక రకం నెలల తరువాత కూడా పైకి వస్తుంది. ఇద్దరిలో ఎవరికి వచ్చినా రెండోవారికి కబురు చేయాలని ఇప్పుడే అనుకోండి, మాటలు ఉన్నా లేకపోయినా.

సరిహద్దు సంగతి కనుక్కుని, అంగ్‌కోర్‌కు ఏ తేదీల్లో వెళ్ళాలనుకుంటున్నారో రాయండి. పెనాంగ్‌లో రెండు గదులు విడివిడిగా దొరికే వీధులు రెండు మూడు నాకు తెలుసు, ఆ తేదీలను బట్టి చెబుతాను.